వాన వెలిసినా డిష్ సిగ్నల్ రాకపోతే

తిరుపతిలో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, ఇంటింటా 'సిగ్నల్ లేదు' అన్న ఫిర్యాదే. కొండ అడ్డం వస్తోందని కొందరు సరిపెట్టుకుంటారు. అది నిజం కాదు. డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు ఇచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన ఊరి నుంచి అది ఆగ్నేయంగా, సుమారు 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది. శేషాచలం కొండలు ఉత్తరాన ఉన్నాయి. ఆగ్నేయం వైపు పెరిగిన కొబ్బరిమట్టలు, పక్క మేడ మీద కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకు అడ్డమేమో చూడండి.

కుండపోత వానలో బొమ్మ పోవడం సహజం, డిష్‌ను కదపకండి. వాన వెలిశాకా రాకపోతే ముందు అనుమానించాల్సింది ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే భాగం) దగ్గరి కనెక్టర్‌నే. సెట్‌టాప్ బాక్స్ స్విచ్ ఆపి ఆ కనెక్టర్‌ను విప్పండి. మధ్య తీగ నల్లబడినా, ఆకుపచ్చ చిలుము పట్టినా, చుట్టూ ఉన్న సన్నతీగల అల్లిక తడిసినా, మెరిసే తీగ కనబడేదాకా కేబుల్ కోసి కొత్త కనెక్టర్ వేయండి. అల్లికలోని ఒక్క పోగు కూడా మధ్య తీగకు తగలకూడదు, ఇది చాలా ముఖ్యం. పైన రబ్బరు టేపు బిగించి, కేబుల్‌ను కనెక్టర్ కంటే కిందికి వంపు తిప్పి కట్టండి. నీళ్లు లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

అప్పటికీ రాకపోతేనే డిష్ తిప్పాలి. మెనూలో 'స్ట్రెంగ్త్' గీతను నమ్మకండి, డిష్ దారి తప్పినా అది నిండుగానే కనబడవచ్చు. 'క్వాలిటీ' గీతను చూస్తూ వెంట్రుకవాసి జరపండి, జరిపిన ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగండి.