యూరప్ వాళ్లు సెలవులకు ఎటు పోతారు? ఆ లెక్క చూసి మన యాత్ర ఖాయం చేసుకునే పద్ధతి

సొంత దేశం పక్కన పెట్టి, యూరప్‌లో నచ్చిన దేశం ఏదో చెప్పమంటే అక్కడివాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేర్లు స్పెయిన్, ఇటలీ, గ్రీస్, పోర్చుగల్, క్రొయేషియా. నల్గొండ నుంచో పాలమూరు నుంచో బయల్దేరేవాళ్లు ఈ జాబితాను ఉన్నదున్నట్టు పట్టుకుని జూలైలో స్పెయిన్ దక్షిణాన సెవిల్లెలో దిగితే, అక్కడ కూడా 40 దాటిన ఎండే ఎదురొస్తుంది. లక్షలు పోసి మళ్లీ మన మే నెలలోకే పోయినట్టు. అందుకే పేర్లు కాదు, వాళ్లు అటు ఎందుకు పోతున్నారో చూడాలి.

మొదటి కారణం ఎండే. డిసెంబర్‌లో స్టాక్‌హోంలో పగలు ఆరు గంటలు మాత్రమే. చీకట్లో బడికి పోయి చీకట్లోనే ఇంటికొచ్చే స్వీడన్, నార్వే వాళ్లు చలికాలంలో స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులకు ఉరుకుతారంటే అర్థముంది. బ్రిటన్ వాళ్లకు స్పెయిన్ రెండో ఇల్లు లాంటిది. 2024లో స్పెయిన్‌కు దాదాపు 9.4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు, అందులో మొదటి మూడు స్థానాలు బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలవి. జర్మనీకి ఉన్నవి 16 రాష్ట్రాలు. స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిని మాత్రం సరదాగా 17వ రాష్ట్రం అంటారు.

రెండోది కారు దూరం. చెక్ దేశానికి సముద్రం లేదు. సాయంత్రం కారెక్కితే తెల్లారేసరికి క్రొయేషియా తీరం వస్తుంది కాబట్టి వాళ్లకు అదే ఇష్టం. ఆస్ట్రియా వాళ్లు ఇటలీలోని గ్రాడో, యెసోలో బీచ్‌లకు పోతారు. నెదర్లాండ్స్ వాళ్లు కారు వెనక కారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) తగిలించుకుని ఫ్రాన్స్ దారి పడతారు. ఫిన్లండ్ వాళ్లు రెండు గంటలు ఓడెక్కి ఎస్టోనియాలోని టాలిన్‌లో దిగుతారు. ఈ కారణం మనకు పనికిరాదు, మనకు అన్నీ దూరమే.

మనకు పనికొచ్చేది మూడోది: సొంతూళ్లో లేనిదాని కోసం పోవడం. నెదర్లాండ్స్ అంతా చదును నేల, అందుకే చలికాలంలో ఆస్ట్రియా మంచు కొండలకు వరుస కడతారు. ఎండలో, బండరాళ్ల మధ్య పెరిగిన మనకు కూడా కొత్తగా అనిపించేది మంచు, పచ్చిక, చల్లటి సరస్సులు. మే, జూన్‌లలో పోతే ఆస్ట్రియా, స్లొవేనియా, స్విట్జర్లండ్, ఇటలీ ఉత్తర భాగం బాగుంటాయి. సముద్రమే కావాలంటే గ్రీస్, పోర్చుగల్‌లను సెప్టెంబర్ చివరికి పెట్టుకోండి.

అంకెలు స్వయంగా చూడాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ పట్టికల్లో వచ్చినవాళ్ల సంఖ్య వేరు, వాళ్లు గడిపిన రాత్రుల సంఖ్య వేరు. ఒక్కరాత్రి ఆగి దాటిపోయినవాళ్లు కూడా మొదటి లెక్కలో ఉంటారు. ‘రాత్రులు’, ‘ఇతర దేశాల నివాసులు’ అనే రెండు వడపోతలు పెట్టాకనే చూడండి. యూరోవిజన్ పాటల పోటీ ఓట్లను బట్టి ఇష్టాన్ని కొలిచేవాళ్లూ ఉన్నారు, అందులో సొంత దేశానికి ఓటు వేయరాదు కదా అని. కానీ గ్రీస్, సైప్రస్ ఏళ్ల తరబడి ఒకదానికొకటి 12 పాయింట్లు ఇచ్చుకుంటూ వచ్చాయి. అది ఇష్టం కంటే చుట్టరికం.

ఇక దారి. పది రాత్రులకు రెండు దేశాలు చాలు. ‘పది రోజుల్లో ఏడు దేశాలు’ ప్యాకేజీలో సగం పగళ్లు బస్సు సీట్లోనే పోతాయి. అక్కడివాళ్లు ఒకే ఊళ్లో వారం ఉంటారు. ఒక మంచి వరుస ఇది: వియన్నాలో మూడు రాత్రులు, సాల్జ్‌బర్గ్‌లో రెండు, ఇన్స్‌బ్రుక్‌లో రెండు, తర్వాత రైల్లో బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలోని వెరోనాలో రెండు, చివర వెనిస్‌లో ఒకటి. వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్ రెండున్నర గంటలు, అక్కడి నుంచి ఇన్స్‌బ్రుక్ రెండు గంటల లోపు, ఇన్స్‌బ్రుక్ నుంచి వెరోనా సుమారు మూడున్నర. జర్మన్లు తరతరాలుగా ఇటలీకి దిగే దారి ఈ బ్రెన్నర్ కనుమే. వెరోనా పక్కనే వాళ్లకు ప్రాణమైన గార్డా సరస్సు ఉంది. వియన్నాలో దిగి వెనిస్ నుంచి తిరిగొచ్చేలా విమానం టికెట్ తీసుకుంటే వెనక్కి పోయే రోజు మిగులుతుంది. రైలు టికెట్లు ముందే కొంటే చాలా చౌక. కాకపోతే ఆ చౌక టికెట్ ఆ రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే పైసలు పోయినట్టే.

వీసా దగ్గరే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. షెంగెన్ ఒప్పందంలో 29 దేశాలు, ఒకే వీసా. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది, రొమేనియా, బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా లోపలే. బ్రిటన్, ఐర్లండ్, సైప్రస్ ఇందులో లేవు. మధ్యలో లండన్ పోయి మళ్లీ లోపలికి రావాలంటే ఒకటికంటే ఎక్కువసార్లు రానిచ్చే వీసా (డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ) ఉండాలి. విమానం మొదట ఎక్కడ దిగుతుందో ఆ దేశానికి కాదు, ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. పై వరుసలో ఆస్ట్రియా ఏడు, ఇటలీ మూడు, కాబట్టి ఆస్ట్రియాకే. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారుతున్నామని జర్మనీకి పెడితే తిరస్కరణకు మీరే కారణం ఇచ్చినట్టు.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు పెట్టొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పోతుంది. మే ప్రయాణానికి ఫిబ్రవరిలోనే హైదరాబాద్ వీసా సెంటర్‌లో స్లాట్ పట్టుకోండి, వేలిముద్రలకు మనిషే పోవాలి. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరు లోపు పిల్లలకు లేదు. సర్వీసు చార్జి అదనం. వీసా రాకున్నా ఫీజు తిరిగి రాదు. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ మొత్తానికి, ఉండే ప్రతి రోజుకూ వర్తించాలి. హోటల్, విమానం, ఇన్సూరెన్స్ తేదీల్లో ఒక్క రోజు తేడా ఉన్నా అక్కడే పట్టుకుంటారు.

బ్యాంకు స్టేట్‌మెంట్ గురించి రైతు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాలి. బత్తాయి, పత్తి అమ్మిన డబ్బు ఏడాదిలో ఒకటి రెండుసార్లే గుత్తగా పడుతుంది. ఆస్ట్రియా ఎంబసీలో ఫైలు చూసే అధికారికి అది వీసా కోసం అప్పు తెచ్చి వేసిన డబ్బులా కనిపిస్తుంది. కాబట్టి మార్కెట్ తక్‌పట్టీలు, పట్టాదారు పాసుబుక్కు నకలు ఇంగ్లిష్ అనువాదంతో జత చేసి, ఏ తేదీన పడ్డ డబ్బు ఏ పంటదో కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యంలో రాయండి. కొడుకో బిడ్డో ఖర్చు పెడుతుంటే వాళ్ల స్టేట్‌మెంటు, జీతం స్లిప్పులు, చుట్టరికం రుజువు చేసే కాగితం కూడా కావాలి. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది మనకు. విమానం టికెట్, ఇన్సూరెన్స్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

సంచి సర్దేటప్పుడు సకినాలు, కడక్ రొట్టెలు, మామిడి తొక్కు పర్వాలేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. శాకాహారులు ఆస్ట్రియాలో సూప్ అడిగి తాగాలి, కూరగాయల పేరున్నదాంట్లో కూడా గొడ్డు మాంసం రసం ఉండొచ్చు. ఇటలీలో బియ్యంతో చేసే రిసోట్టోకూ అదే జాగ్రత్త. ఉత్తర ఇటలీలో దొరికే పొలెంటా మన మక్క గట్కకు అన్నదమ్ములాంటిది, తొక్కు నంజుకుంటే కడుపు నిండుతుంది.

ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, శనివారమే సామాను కొనుక్కోండి. ఇటలీలో ఆగస్టు 15 ఫెర్రగోస్తో, ఆ వారం ఊళ్లకు ఊళ్లే సముద్రం మీద పడతాయి. రెస్టారెంట్ బిల్లులో కోపెర్తో అని కనిపిస్తే అది మనిషికింత అని బల్ల దగ్గర కూర్చున్నందుకు, మోసం కాదు. ఇటలీ ప్యాసింజర్ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకుంటే టికెట్ ఉండీ జరిమానా. వెనిస్‌లో కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చి పోయేవాళ్లకు ప్రవేశ రుసుం ఉంది. రాత్రి బస చేసేవాళ్లకు మాఫీ, కానీ ఆ మాఫీ కోడ్ కూడా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

షంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వియన్నా పోతే ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అవుతుంది, వియన్నాలో కాదు. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర ఫొటో తీస్తారు, వీసాకు ఇచ్చిన వేలిముద్రలతో సరిచూస్తారు, వరుస నెమ్మదిగా కదులుతుంది. అందుకని రెండు విమానాల మధ్య రెండున్నర గంటల కంటే తక్కువ ఉన్న టికెట్ తీసుకోవద్దు. రెండూ ఒకే బుకింగ్‌లో ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానం చూసే బాధ్యత కంపెనీదే. విడివిడిగా కొంటే ఆ భారం మీదే.