కీమో తర్వాత ఇంట్లో తోడుగా ఉండేవారికి

గుంటూరులోనో విజయవాడలోనో క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకుని సాయంత్రానికి ఇల్లు చేరిన మనిషికి మన అవసరం ఎక్కువగా పడేది ఆ తర్వాతి రెండు వారాల్లోనే. చాలా రకాల కీమో మందుల వల్ల సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి గనుక, ఆ రోజుల్లో వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా చూడకూడదు. ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉంచుకుని, ఒళ్లు వెచ్చబడినా, చలితో వణికినా వెంటనే చూడండి; 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేస్తే జ్వరం తగ్గినట్టు కనిపిస్తుందే తప్ప లోపలి ఇన్‌ఫెక్షన్ తగ్గదు. తెనాలి, సత్తెనపల్లి వైపు పల్లెల నుంచి వచ్చి వెళ్లేవారు రాత్రివేళ పిలిస్తే వచ్చే కారు ఎవరిదో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి. దగ్గరలోని వేరే ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే, ఫైలు చూపించి, కీమో ఏ తేదీన ఇచ్చారో మొదటి మాటగా చెప్పండి.

తిండి విషయంలో మన ప్రాంతపు అలవాట్లు కొంత మార్చుకోక తప్పదు. నోరు పూసినప్పుడు ఆవకాయ, గోంగూర పచ్చడి భరించలేని మంట పుట్టిస్తాయి, కొందరికి తాలింపు వాసనకే వికారం వస్తుంది. కారం లేని మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, బాగా ఉడికిన గుడ్డు, చల్లారిన జావ కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. ప్రేమతోనే అయినా ఇంకొక ముద్ద తినమని బలవంతం చేయడం వారికి పరీక్షే. నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే డాక్టరుకు తెలియజేయాలి. ఎవరో చెప్పిన నాటుమందు ఏదైనా డాక్టరుకు తెలియకుండా ఇవ్వకండి, అది కీమో మందు పనికి అడ్డుపడవచ్చు.

పరామర్శకు వచ్చే బంధువులను ఆపే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి. జలుబు, దగ్గు ఉన్నవారిని గుమ్మం దగ్గరే మర్యాదగా వెనక్కి పంపడం, ఫలానావారికి ఇదే జబ్బుతో ఏమైందో చెప్పబోయేవారిని అక్కడే ఆపడం రోగి చేయగలిగిన పనులు కావు.

అర్హత ఉన్న కుటుంబాలు రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాల పనిని చికిత్సకు ముందే ఆసుపత్రిలో అడిగి పూర్తిచేసుకోవాలి. రోగిని ఆ వరుసల్లో నిలబెట్టకండి.

“ఏదైనా కావాలంటే చెప్పు” అంటే చాలామంది మొహమాటపడి ఏమీ అడగరు. “మంగళవారం రక్తపరీక్షకు నేను తీసుకెళ్తాను, పిల్లల్ని బడి నుంచి వదిన తీసుకొస్తుంది” అని పని పేరు పెట్టి చెప్పండి, ఆ మాట తప్పకండి. వారు భయంగా ఉందన్నప్పుడు వెంటనే ధైర్యం చెప్పబోకుండా, దేని గురించి భయమో అడిగి వినండి. డాక్టరును అడగవలసిన ప్రశ్న అందులో ఉంటే కాగితం మీద రాసి, తర్వాతి కీమో రోజున వెంట తీసుకెళ్లండి.