పాత స్పోర్ట్స్ కారు స్థితిని, విలువను అంచనా వేయడం ఎలా?

పాత స్పోర్ట్స్ కారును చూడటానికి వెళ్ళినవారిలో చాలామంది ముందుగా బానెట్ ఎత్తి చూపించమంటారు. నేను మాత్రం ఒక గోనెసంచి పరచుకుని, టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరతాను. ఇంజను ఎంత అరిగిపోయినా దానికొక మందు ఉంది. విశాఖ ఆటోనగర్‌లో సిలిండర్లు బోరు చేసేవారు, క్రాంకు గ్రైండింగు చేసేవారు నేటికీ ఉన్నారు, పిస్టన్లు, రింగులు ఎక్కడినుంచో ఒకచోటినుంచి తెప్పించుకోవచ్చు. కారు అడుగు రేకు, బరువంతా మోసే ఇనుప చట్రం అయిన చాసిస్, తలుపుల కింద పొడవునా సాగే సిల్ అనే రేకు పెట్టె తుప్పుపట్టి గుల్లబారితే మాత్రం బాగుచేయించడానికయ్యే ఖర్చు ఒక్కోసారి కారు ధరనే మించిపోతుంది. భోగాపురం నుంచి బారువ వరకు ఉప్పుగాలి తగిలే తీరం వెంబడి ఉండే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఈ క్రమాన్ని అసలు తప్పకూడదు.

ముందుగా ఏ కారు చూడబోతున్నారో దాని గురించి చదువుకుని వెళ్ళండి. మన వైపు అమ్మకానికి వచ్చే అసలైన స్పోర్ట్స్ కార్లు బహు తక్కువ. చెన్నై, కోల్‌కతా, హైదరాబాదుల నుంచి చేతులు మారుతూ వచ్చిన పాత బ్రిటిషు కార్లు ఎంజీలు, గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ అరుదుగా కనిపిస్తాయి. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ నిజానికి కుటుంబాల కారే అయినా, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు దాని చాసిస్ నమూనా మీదనే పుట్టింది కాబట్టి దానినీ ఈ వరుసలో చేర్చవచ్చు. 1984లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సాను స్పోర్ట్స్ కారనడానికి నాకు మనసొప్పదు గాని, దానికోసం తిరిగే కుర్రవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ కనుక దాని ప్రస్తావన కూడా అక్కడక్కడ వస్తుంది.

ఏ కారు ఎలా కట్టారో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. హెరాల్డుకు విడి చాసిస్ ఉంటుంది. పై రేకులు చాలావరకు బోల్టులతో బిగించినవే కాబట్టి అవి తుప్పుపట్టినా మార్చుకోవచ్చు, చాసిస్ గట్టిగా ఉంటే చాలు. ఎంజీలలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ అనే నమూనాకు విడి చాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. పైకప్పు లేని నమూనాలో ఆ భారమంతా సిల్స్ మీద పడుతుంది. శాన్ స్టార్మ్ బాడీ ఫైబర్‌తో చేసినది, దానికి తుప్పు రాదు. కాని లోపలి ఇనుప చట్రానికి వస్తుంది, పైనుంచి చూస్తే కనబడదు.

రేకు పరీక్ష

కారును చూడటానికి పగటిపూట, ఎండలో, కారు పొడిగా ఉన్నప్పుడే వెళ్ళాలి. మీరు వెళ్ళేసరికి అమ్మేవారు కారును కడిగి తడితడిగా ఉంచితే కాసేపు ఆరనివ్వండి, ఎందుకంటే తడి రేకు మీద ఎత్తుపల్లాలు, రంగు తేడాలు కంటికి ఆనవు. వెనుక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కారు పొడవునా ఒక కన్ను మూసి వడ్రంగి చెక్కను చూసినట్టు చూడండి. అలలు అలలుగా కనిపించిన చోటల్లా టింకరింగు జరిగినట్టే.

తరువాత పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని చక్రాల పై వంపుల మీద, తలుపుల అడుగు అంచుల మీద, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ మూలల్లో ఆనించి చూడాలి. అయస్కాంతం పట్టు సడలిన చోట రంగు కింద పుట్టీ మందంగా ఉందని అర్థం. రంగు మందం కొలిచే చిన్న మీటరు దొరికితే ఇంకా మేలు: ఒకసారి మళ్ళీ రంగు వేసిన పాత కారుకు 200 నుంచి 400 మైక్రాన్ల దాకా రావడంలో వింత లేదు, 1000 దాటితే అక్కడున్నది పుట్టీయే. ఫైబర్ శాన్ స్టార్మ్ మీద ఈ అయస్కాంతం ఎలాగూ పనిచేయదు. తొలి ఎంజీబీల బానెట్ అల్యూమినియంతో చేసినది కాబట్టి అక్కడ అంటుకోకపోతే కంగారు పడనక్కరలేదు, నిజానికి అది శుభసూచకమే.

ఈ పరీక్ష విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. చాలాకాలం క్రితం శ్రీకాకుళం దగ్గర ఒక కాంటెస్సాను నల్లరంగు నిగనిగ చూసి కొన్నాను. మొదటి వానాకాలంలోనే వెనుక అద్దం కింది మూలల్లో రంగు చిన్న చిన్న పొక్కులుగా లేచింది. ఒక పొక్కును గోటితో గిల్లితే లోపలినుంచి ముదురు గోధుమరంగు నీరు కారింది. మేస్త్రి ఉలితో తట్టగా తట్టగా అక్కడినుంచి రాలిన పుట్టీతో ఒక తట్ట నిండింది, దాని వెనుక రేకు స్థానంలో దినపత్రిక ఉండలు కుక్కి ఉన్నాయి. పత్రిక మీది తేదీ నేను కారు కొనడానికి రెండు నెలల ముందుది.

కింద పడుకున్నప్పుడు చూడవలసినవి ఇవి: పాదాలు ఆనే రేకు, చాసిస్‌కు కమాను పట్టీలు బిగించే చోట్లు, జాకీ పెట్టే చోటు, సిల్స్ అడుగుభాగం. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టుతూ వెళ్ళండి; గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్ళిన రేకు దబ్బుమంటుంది. కొత్తగా దట్టంగా పూసిన నల్లని తారులాంటి పూత కనిపిస్తే అనుమానించండి. పూత తప్పు కాదు, కాని అమ్మకానికి వారం ముందు పూసిన పూతకు కారణం అడగాలి.

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష ఒకటుంది, దానికి ఖర్చేమీ లేదు. పైకప్పు లేని కారుకు జాకీ పెట్టే చోటనే జాకీ పెట్టి, ఒకవైపు చక్రం నేల వదిలేవరకు ఎత్తించి, ఆ వైపు తలుపు తెరిచి మూయండి. ఎత్తకముందు తలుపుకు, బాడీకి మధ్య చిటికెనవేలు దూరేంత సందు ఉండి, ఎత్తిన తరువాత పైభాగంలో ఆ సందు మూసుకుపోయి తలుపు ఒరుసుకుంటే, కారు నడుము వంగుతోందన్నమాట. అసలు జాకీ పెట్టడానికే అమ్మేవారు ఒప్పుకోకపోతే ఫలితం తెలిసిపోయినట్టే.

మన జిల్లాల్లో తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ కారు ఎక్కడ ఉంది? నాగావళి, వంశధార పొంగిన రోజుల్లో ఏ షెడ్డులో ఉంది? జవాబు ఏదైనా సీటు కింది తివాచీ ఎత్తి చూడండి, స్పేరు టైరు తీసి దాని గుంట అడుగు తడమండి, డ్యాష్‌బోర్డు వెనుక చేయి పెట్టి వైర్ల మీద సన్నని ఒండ్రు పొడి తగులుతుందేమో చూడండి. కారు మునిగితే నీరు పోయినా ఒండ్రు మిగులుతుంది.

ఇంజను, గేర్లు, వైరింగు

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. వెళ్ళగానే బానెట్ మీద అరచేయి ఆనించి చూడండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఎవరో నడిపి ఉంచారు, చల్లారేదాకా టీ తాగి రండి. చల్లని ఇంజను సెల్ఫ్ కొట్టిన వెంటనే అందుకోవాలి. వేడెక్కిన తరువాత కూడా పొగ తెల్లగా, ఆవిరిలా వస్తూనే ఉంటే ఇంజను హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందేమోనని అనుమానించాలి. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు మాత్రమే నీలిపొగ వస్తే వాల్వు గైడ్లు అరిగాయి, తొక్కినంతసేపూ వస్తే రింగులు, బోరు అరిగాయి. నల్లపొగ చాలాసార్లు కార్బురేటర్ సర్దుబాటుతో పోతుంది, దానికి భయపడనక్కరలేదు.

మీతో మెకానిక్ ఉంటే కంప్రెషన్, అంటే సిలిండరు లోపల పిస్టన్ పుట్టించే ఒత్తిడి, కొలిపించండి. అంకె ఎంతన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది పది శాతం లోపు ఉండటం మంచిది. ఒక సిలిండరులో తక్కువ వస్తే అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే వాల్వుల లోపం. ఈ ఒక్క చెంచాడు నూనె వేల రూపాయల బేరాన్ని తేల్చగలదు.

పెట్రోలు పైపులు అన్నీ వేళ్ళతో నొక్కి చూడండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ కాలపు రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకులోకి తేమను లాగుతుంది. అందుచేత పైపులు కొత్తవి వేశారా, ట్యాంకు లోపల తుప్పు ఉందా అన్నది ఇప్పుడు వెనుకటికన్నా పెద్ద ప్రశ్న. బ్రిటిషు కార్ల వైరింగు గురించి ఒక్క మాట చాలు: 1967కు ముందటి ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది, అది తెలియక ఎవరైనా కొత్త స్టీరియో బిగించి ఉంటే డ్యాష్‌బోర్డు వెనుక కాలిన వాసన మిగిలే ఉంటుంది.

రోడ్డు మీద నడిపించేటప్పుడు నాతవలస కూడలి దగ్గర జాతీయ రహదారి ఎక్కితే ఇంజను, స్టీరింగు వణుకు తెలుస్తాయి. అంతటితో ఆగక గతుకుల ఊరి రోడ్డు మీద కూడా నడపాలి, అప్పుడే బుష్షులు, షాకబ్జార్బర్ల సంగతి బయటపడుతుంది. మూడో గేరు నుంచి రెండుకు దించినప్పుడు గరగరమంటే గేర్లు సాఫీగా కలవడానికి తోడ్పడే సింక్రో అరిగింది. ఆ కాలపు కొన్ని కార్లలో మొదటి గేరుకు సింక్రో అసలు లేదు కాబట్టి కారు కదులుతుండగా మొదటి గేరు గొణగడం లోపం కింద లెక్కలోకి రాదు. యజమాని ఒప్పుకుంటే సాలూరు ఘాటు ఎక్కించి చూడండి. రేడియేటర్ ఆరోగ్యం గురించి ఆ మలుపులు చెప్పినంత నిజం ఇంకెవరూ చెప్పరు. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2316 అంటే 2016లో 23వ వారం. పై గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైర్లకు కొత్త టైర్ల ఖర్చు లెక్క వేసుకోవలసిందే.

కాగితాలు

బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి వంటి సంస్థానాల ఊళ్ళ చుట్టుపక్కల ప్రతి పాత కారూ ఒకప్పుడు ఏదో ఒక జమీందారుగారి కారేనని చెబుతారు. ఆ కథకు ఆధారంగా పాత ఆర్.సి. పుస్తకం, బిల్లు, ఫొటో ఏదైనా చూపిస్తే విలువ పెంచి లెక్కించండి, లేకపోతే కథను విని ఆనందించి పైసా కూడా కలపకండి.

చాసిస్ నంబరు పలక మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఇంజను నంబరుకూ అలాగే చేయండి. రెండింటినీ ఆర్.సి.తో అంకె అంకె పోల్చండి. పలక రివెట్లు కొత్తగా మెరుస్తుంటే, అంకెల చుట్టూ గ్రైండరు గీతలు ఉంటే అక్కడితో బేరం ముగించడం ఉత్తమం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగిసి, ఆ తరువాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ అవుతుంది కాబట్టి చివరి రెన్యువల్ తేదీ చూడాలి. బరంపురం వైపునుంచి వచ్చిన ఒడిశా నంబరు కారైతే ఫారం 28 మీద అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్.ఓ.సి.) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి.

కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని కార్లను వింటేజ్ వాహనాలుగా ‘వీఏ’ అక్షరాలున్న నంబరుతో నమోదు చేయించవచ్చు. కొత్త నమోదుకు రుసుము రూ. 20,000, గడువు పదేళ్ళు. అయితే అలా నమోదైన కారును రోజూ ఆఫీసుకు నడపడానికి వీలులేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు తీసుకువెళ్ళవచ్చు. ఆదివారాలు కుటుంబంతో రామతీర్థం వెళ్ళాలనుకునేవారు ముందుగా ఈ షరతు చదువుకోవాలి.

ధర లెక్క

ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర మాత్రమే, అమ్ముడైన ధర వేరు. అందుకే అదే నమూనా కారు మంచి స్థితిలో నిజంగా ఎంతకు చేతులు మారిందో ఇద్దరు ముగ్గురు యజమానులను అడిగి తెలుసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క వేయండి. ఉదాహరణకు మంచి స్థితిలోని కారు 15 లక్షలు పలుకుతుందనుకుందాం. మీరు చూసిన కారుకు సిల్స్, అడుగు రేకు పనికి 2.5 లక్షలు, రంగుకు 1.5 లక్షలు, ఇంజనుకు ఒక లక్ష, సీట్లకు, మడిచే గుడ్డ పైకప్పుకు ఒక లక్ష అవుతాయని షెడ్డులో చెప్పారనుకుంటే మొత్తం 6 లక్షలు. దానికి మూడో వంతు, అంటే 2 లక్షలు కలపాలి, ఎందుకంటే రంగు గీకిన తరువాత బయటపడే తుప్పు ముందుగా ఎవరికీ కనబడదు. 15లోంచి 8 తీస్తే మీరు ఇవ్వదగిన ధర 7 లక్షలు. అమ్మేవారు 10 దగ్గర ఆగిపోతే నమస్కారం పెట్టి రావచ్చు.

విడిభాగాల సంగతి ఈ లెక్కను అటూ ఇటూ చేస్తుంది. ఎంజీబీకి ఇంగ్లండులో కొత్త బాడీలు సైతం తయారవుతున్నాయి, డబ్బు, సుంకం భరిస్తే ఏదైనా దొరుకుతుంది. కాంటెస్సాకు ఇంజను భాగాల కన్నా అద్దాలు, బీడింగులు, లైట్ల గ్లాసులే కష్టం. వాటికోసం చెన్నై పుదుపేట చుట్టూ తిరగాలి. కనుక ఇంజను కదలకపోయినా అన్ని చిల్లర భాగాలూ ఉన్న కారును, నడుస్తూ సగం భాగాలు పోగొట్టుకున్న కారుకన్నా ఎక్కువ ధరకు కొనవచ్చు. అమ్మేవారు బీడింగులు అటక మీద ఉన్నాయంటే నిచ్చెన వేయించి కిందికి దింపించి లెక్కపెట్టుకోండి.

బేరం కుదిరిన రోజున యాజమాన్యం మార్పుకు కావలసిన ఫారం 29, ఫారం 30 రెండింటి మీదా సంతకాలు తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. బీమా సంస్థతో ఐదేళ్ళు దాటిన వాహనం విలువను పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవచ్చు కాబట్టి, పరీక్షలో తీసిన ఫొటోలు, కంప్రెషన్ అంకెలు, షెడ్డువారి అంచనా కాగితం, పెన్సిల్ అచ్చులు ఒక ఫైలులో పెట్టి పాలసీ రాయించే రోజున వెంట తీసుకువెళ్ళండి.