చేపల వేట హక్కులు ఎవరికి పోతున్నాయో చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

వేట హక్కుల మీద ఏ ప్రభుత్వమైనా కొత్త విధానం తెస్తే, ముందుమాటలోని తియ్యటి కబుర్లు వదిలేసి, ఏడాదికి మొత్తం ఎన్ని టన్నులు పట్టనిస్తారో ఆ అంకె వెతకండి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కూ, ఎంత పట్టాలో తేల్చే బాధ్యతా ఆ దేశానివే. కానీ మొత్తం చెప్పి ఊరుకుంటే చాలదు. అలాస్కాలో హాలిబట్ చేపకు అలాగే చేస్తే, అది అయిపోయేలోపు నాలుగు పట్టుకోవాలని పడవలన్నీ ఎగబడి, వేట ఏడాదికి కొద్ది రోజులకు కుంచించుకుపోయింది, గాలివాన ఉన్నా బయల్దేరాల్సిందే. 1995లో ఆ మొత్తంలో ఎవరి వాటా, అంటే కోటా, వాళ్లకిచ్చాక సీజన్ దాదాపు ఎనిమిది నెలలైంది.

అసలు పేచీ మొదటి పంపకం దగ్గరే. ఎక్కువ చోట్ల పాత వేట లెక్క చూసి ఊరికే ఇచ్చేస్తారు. ఐస్‌లాండ్ 1984లో అంతకుముందు మూడేళ్ల లెక్కతో పడవలకు పంచింది, అంటే పడవ యజమానికి దక్కింది, అదే పడవలో వల లాగినవాడికి ఏమీ రాలేదు. ఊరికే వచ్చిన కోటాను యజమాని అమ్ముకుని వెళ్లిపోతే, తర్వాత వేటలోకి దిగే కుర్రాడు అదే హక్కును డబ్బు పోసి కొనుక్కోవాలి. అక్కడి 1990 చట్టంలో చేపలు జాతి ఉమ్మడి ఆస్తి అని స్పష్టంగానే ఉంది, కోటా ఉన్నవాళ్ల నుంచి దానికి రుసుము వసూలు మాత్రం 2004లో మొదలైంది! అందుకే అలాంటి వాక్యం కనిపిస్తే మురిసిపోకుండా రుసుము ఎంతో, ఎప్పటి నుంచో అడగండి.

కోటా టన్నుల్లో రాశారా, ఏడాది మొత్తంలో శాతాల్లోనా అన్నదీ చూడాలి, చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. న్యూజిలాండ్ 1986లో టన్నుల్లో ఇచ్చేసి, చేప తగ్గినప్పుడు కోత పెట్టాలంటే తానిచ్చిన కోటాను తానే తిరిగి కొనాల్సిన పరిస్థితిలో పడి, 1990లో శాతాలకు మారింది.

వేలం పెడితే ఖజానాకు డబ్బొస్తుంది, నాకూ అదే నచ్చుతుంది, కాకపోతే జేబు బరువున్నవాళ్లే అంతా ఎత్తుకుపోకుండా పరిమితి ఉండాలి. పసిఫిక్ దీవుల దేశాలు కొన్ని కలిసి ట్యూనా పడవలకు వేట రోజులనే అమ్ముతాయి, కనీస ధర ముందే కలిసి ఖాయం చేసుకుంటాయి కాబట్టి వాటిని విడదీసి బేరమాడటం కష్టం.

చివరిగా కోటా రిజిస్టర్ తెరిచి, వేర్వేరు కంపెనీల వెనక ఉన్నది ఒకే కుటుంబమా అని చూడండి. రిజిస్టర్ జనానికి చూపించకపోతే మొదటి అర్జీ దాని మీదే పెట్టండి.