మిషన్, విజన్ రాసే ముందు: నిమ్మ రైతుల కంపెనీకి జాగ్రత్తలు

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మ రైతులు ఉత్పత్తిదారుల కంపెనీ (రైతులే సభ్యులుగా ఉండే కంపెనీ) పెట్టుకుని మిషన్, విజన్, విలువలు రాయబోతుంటే ముందు ఇవి చూసుకోండి.

మొదట మెమొరాండం, అంటే కంపెనీ ఏ పనులు చేయొచ్చో రాసిన పత్రం, తెరవండి. అందులో లేని వ్యాపారాన్ని మిషన్‌లో పెడితే, ఆ పని మొదలెట్టే ముందు సభ్యుల ప్రత్యేక తీర్మానంతో మెమొరాండాన్ని సవరించుకోవాలి.

ఇవి రాయడానికి ఎండాకాలంలో కూర్చోకండి. అప్పుడు నిమ్మ ధర ఎక్కి ఉంటుంది, దాంతోపాటు విజన్ కూడా ఎక్కుతుంది!

డైరెక్టర్లు మాత్రమే రాయకూడదు. చట్టం ప్రకారం వాళ్లు 5 నుంచి 15 మంది. వాళ్లలో కొందరితోపాటు రెండెకరాల రైతు, కోత మేస్త్రీ, లెక్కలు రాసే మనిషి ఉండాలి. రాయడానికి కూర్చునేవాళ్లు మొత్తం పన్నెండు మంది దాటితే సంతే.

మిషన్ ఇవాళ చేసే పని, విజన్ పదేళ్లకు చేరాల్సిన చోటు. రెండూ కలిపేస్తే వ్యూహంలో ఏది కొలవాలో తేలదు. ‘రైతు సంక్షేమమే ధ్యేయం’ అన్నది ఎరువుల కొట్టు బోర్డుకూ సరిపోతుంది. ‘సభ్యుల కాయను తోట దగ్గరే గ్రేడు చేసి, తూకం చీటీ ఇచ్చి, కలిపి అమ్ముతాం’ అంటే కాటా కొనాలా, బండి కొనాలా అన్నది అక్కడే తేలుతుంది.

విలువలు నాలుగైదు చాలు. ‘పారదర్శకత’ అని రాస్తే తూకంలో తరుగు కింద ఎంత తీశారో చీటీలో కనపడాలి, డైరెక్టర్ కాయకూ అదే గ్రేడు పడాలి. నష్టమొచ్చినా పాటించలేని మాటను కొట్టేయండి.

ముసాయిదాను తెలుగులోనే సభ్యులకు చదివి వినిపించండి. బ్యాంకుకు ఇంగ్లీషు కాపీ తర్వాత.