పని మధ్యలో అప్‌డేట్: ఎందుకొస్తుంది, ఏం చేయాలి

విండోస్ ఎక్స్‌పీకి 2001 నుంచి 2008 దాకా వచ్చిన పెద్ద సర్వీస్ ప్యాక్‌లు, అంటే అప్‌డేట్లన్నీ కలిపిన మూటలు, మూడే. రెండోదాన్ని నేను ఓ ఫ్రెండ్ దగ్గర సీడీ తెచ్చుకుని ఎక్కించాను. లోపాలు సరిచేసే చిన్న ప్యాచ్‌లు అప్పుడూ వచ్చేవి, కాకపోతే వద్దంటే ఊరుకునేవి. ఇప్పటి విండోస్ 11 ఊరుకోదు.

సమస్య: పని మధ్యలో రీస్టార్ట్

ఓ గురువారం పొద్దున ఏడింటికి షాపు తెరిచాను. హాల్ టికెట్ ప్రింట్ల కోసం నలుగురు పిల్లలు నిలబడ్డారు. తెర మీద 35 శాతం, ఆఫ్ చేయొద్దని హెచ్చరిక. తప్పు నాదే. ముందు రోజు రాత్రి దిగిన అప్‌డేట్‌ను పట్టించుకోకుండా మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లాను. పైగా యాక్టివ్ అవర్స్, అంటే మనం పనిలో ఉంటామని విండోస్‌కి చెప్పే వేళలు, ఎనిమిది నుంచి ఉన్నాయి. ఆ వేళల బయట అది దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ యాక్టివ్ అవర్స్. దాన్ని మాన్యువల్‌కి మార్చి మీ టైమ్ పెట్టండి, 18 గంటల దాకా కుదురుతుంది. నెలవారీ అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది, మనకు అది రాత్రి పదిన్నర దాటాకే. కాబట్టి ఆ బుధవారం సాయంత్రం షాపు కట్టేముందు మీరే రీస్టార్ట్ కొట్టేయండి.

సమస్య: ఫోన్ హాట్‌స్పాట్ పెడితే డేటా హాంఫట్

లాప్‌టాప్ దాన్ని మామూలు వైఫై అనుకుంటుంది. ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ (ఇక్కడ డేటాకు లెక్క ఉందని చెప్పే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలావరకు ఆగుతుంది.

సమస్య: సగం దాకా వెళ్లి మళ్లీ మొదటికే

ముందు సి డ్రైవ్‌లో ఖాళీ చూడండి. జాగా ఉన్నా ఇదే గోలైతే, దిగిన ఫైల్ పాడై ఉండొచ్చు. సర్వీసెస్ అనే విండోస్ టూల్‌లో విండోస్ అప్‌డేట్‌ను స్టాప్ చేసి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్‌లో డౌన్‌లోడ్ లోపల ఉన్నవన్నీ తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. ఫోల్డర్‌ను మాత్రం ఉంచండి.

మొత్తానికే ఆపేస్తే?

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వనాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన విండోస్ లోపాన్ని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. అందుకే నేను ఆపను, పాజ్‌లో ఒక వారం పెడతాను. ఐదు వారాల దాకా పెట్టొచ్చు గానీ, కొత్త అప్‌డేట్‌తో ఎవరి ప్రింటర్ మొరాయించిందో తెలియడానికి వారం చాలు.