ఐరిష్ మూలాల వెతుకులాట – నాలుగో పాఠం: అవ్వ పుట్టింటి పేరు

మొదటి మూడు పాఠాలూ అభ్యాసాలతో సహా పూర్తి చేసినవాళ్లకి ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. మగవాళ్ల జాడ తరం వెనక తరం దొరుకుతూ పోతుంది. ఇంటిపేరు మారదు కనక జనాభా లెక్కల్లో, పౌరసత్వం కాగితాల్లో పట్టుకోవచ్చు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి దారి ఆగిపోతుంది. 1850ల్లో న్యూయార్క్‌లోనో బోస్టన్‌లోనో ఓడ దిగిన ఐరిష్ పిల్ల పెళ్లయిన మర్నాటి నుంచీ భర్త ఇంటిపేరుతోనే కనబడుతుంది. పుట్టిన చోటు అన్న గడిలో "ఐర్లండ్" అని ఒక్క మాట రాసి ఉంటుంది. పౌరసత్వం కాగితాల్లో ఆవిడ సాధారణంగా ఉండనే ఉండదు. 1922 దాకా అమెరికాలో పెళ్లయిన ఆడవాళ్లకి భర్త పౌరసత్వమే వర్తించేది, విడిగా అర్జీ పెట్టుకునే పని ఉండేది కాదు.

ఈ పాఠం ఆవిడ కోసం. ఐరిష్ మూలాలున్న ఇంటి నుంచి అల్లుడినో కోడలినో తెచ్చుకుని, మనవల కోసం రెండు వైపులా వంశవృక్షం రాసిపెడదామని మొదలుపెట్టినవాళ్లు దీన్ని మరింత శ్రద్ధగా చదవండి. తల్లుల పుట్టిళ్లు వదిలేస్తే ఆ చెట్టులో సగమే గీసినట్టు.

సముద్రం ఇప్పుడే దాటొద్దు

పుట్టింటి పేరు "మర్ఫీ" అని ఎక్కడో ఒకచోట కనబడగానే ఐర్లండ్ రికార్డుల మీద పడిపోవాలనిపిస్తుంది. ఆగండి. 1890లో నమోదైన జననాల ఆధారంగా రాబర్ట్ మాథెసన్ అనే అధికారి ఐర్లండ్ ఇంటిపేర్ల మీద ఒక నివేదిక తయారుచేశాడు. ఆ లెక్కలో మర్ఫీలు సుమారు 62,600 మంది, కెల్లీలు 55,900 మంది. వీళ్లలో మేరీ, బ్రిజెట్, కేథరిన్ అన్న పేర్లున్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి.

అధ్యక్షుడు కెనెడీ కుటుంబాన్నే తీసుకోండి. ఆయన ముత్తాత పాట్రిక్ కెనెడీది వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) డంగన్స్‌టౌన్. 1849లో బోస్టన్‌లో ఆయన పెళ్లాడిన అమ్మాయి పేరు బ్రిజెట్ మర్ఫీ. పెళ్లయిన తొమ్మిదేళ్లకే భర్త పోతే, దుకాణం నడిపి పిల్లల్ని పెంచిందావిడ. ఆవిడ పుట్టింటి పేరు మనకి తెలుసు. తెలిసినంత మాత్రాన వెక్స్‌ఫర్డ్ చర్చి రిజిస్టర్లు తెరిచి ఇదిగో ఈ బ్రిజెట్ మర్ఫీయే అని వేలు పెట్టి చూపించలేం. ఒక్క పేరుతో ఊరు తేలదు. ఆ పేరుకి తండ్రి పేరు, తల్లి పేరు, ఒక అన్నో చెల్లెలో, ఒక పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) జతపడాలి. అవన్నీ అమెరికా వైపు రికార్డుల్లోనే ముందు పోగుచేసుకోవాలి.

ఎవరు చెప్పారు?

ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే ఉందంటే, అది ఈ ప్రశ్న. ప్రతి కాగితం ఒక వాంగ్మూలం. అందులో పుట్టింటి పేరు కనబడితే, ఆ పేరు చెప్పింది ఎవరు, ఆ రోజు వాళ్ల పరిస్థితి ఏమిటి, వాళ్లకి ఆ సంగతి ఎలా తెలుసు అని అడగండి.

మరణ ధ్రువపత్రంతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ ముందు చేతికొచ్చేది అదే. అందులో చనిపోయినావిడ తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ చెప్పినవారెవరో అడుగున చూడండి. కొడుకో, అల్లుడో, పక్కింటాయనో అయి ఉంటారు. తల్లి పోయిన రోజున, తాను ఎన్నడూ చూడని అమ్మమ్మ పుట్టింటి పేరు ఆ కొడుక్కి ఎంత బాగా గుర్తుంటుంది? చాలాసార్లు నానమ్మ పేరు అమ్మమ్మ పేరవుతుంది. ఇంకొన్నిసార్లు అమ్మమ్మ పుట్టింటి పేరు రాయాల్సిన చోట తల్లి పుట్టింటి పేరు పడుతుంది. గుమాస్తాని తప్పుపట్టి లాభం లేదు, ఆయన విన్నది రాశాడు.

పెళ్లి రికార్డు దీనికంటే ఎంతో మేలు. అక్కడ పెళ్లికూతురు స్వయంగా నిలబడి చెప్పింది. మసాచుసెట్స్‌లో 19వ శతాబ్దం మధ్య నుంచే పెళ్లి రిజిస్టర్లలో ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ దొరుకుతాయి. ప్రభుత్వ రికార్డుతో ఆగిపోకుండా చర్చి రిజిస్టరు కూడా చూడండి. ప్రభుత్వ కాగితంలో "ఐర్లండ్" అని ఉన్నచోట, ఐరిష్ ఫాదర్ ఉన్న చర్చిలో కౌంటీ పేరు, అదృష్టముంటే పారిష్ పేరు కూడా రాసి ఉంటుంది. అయితే ఒక మెలిక ఉంది. అది ఆవిడకి రెండో పెళ్లయితే, అక్కడ కనబడే ఇంటిపేరు మొదటి భర్తది కావచ్చు. పుట్టింటి పేరు, తండ్రి ఇంటిపేరు ఒకదానితో ఒకటి కలవకపోతే వెంటనే ఈ అనుమానం రావాలి.

ఇక పిల్లల జ్ఞానస్నానం రికార్డులు. కతోలిక రిజిస్టర్లలో బిడ్డ తల్లిని పుట్టింటి పేరుతో రాయడం ఆనవాయితీ. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే, కన్నవాళ్లు చెప్పిందే రాస్తారు. అందుకే ఆరుగురు పిల్లలుంటే ఆరు రికార్డులూ తీయండి. మీ పూర్వీకుడు ఒక్కడిదే తీసి ఊరుకోవద్దు. అయిదింటిలో ఒక పేరు, ఆరోదానిలో వేరే పేరు ఉంటే, ఆ ఆరోదాన్ని పక్కన పడేయకుండా రెండు పేర్లనీ నోటితో పైకి పలికి చూడండి. చాలాసార్లు అది ఒకే పేరు, వేరే చెవిన పడింది, అంతే. ఆ పిల్లల్లో ఎవరైనా 1936 తర్వాత అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరుకి అర్జీ పెట్టుకుని ఉంటే, తల్లి పుట్టింటి పేరు వాళ్లే ఆ ఫారంలో నింపి ఉంటారు. అదీ తెప్పించండి.

పేర్లు ఎన్ని వేషాలు వేస్తాయో

ఐరిష్ ఇంటిపేర్ల ముందు ఉండే "ఓ", "మాక్" 19వ శతాబ్దంలో రాలిపోయాయి, తర్వాత కొన్ని కుటుంబాలు మళ్లీ తగిలించుకున్నాయి. సలివన్, ఓసలివన్ రెండూ వెతకాలి. ఇంకో రకం మార్పు మరీ మోసం చేస్తుంది: గేలిక్ (ఐరిష్‌వాళ్ల సొంత భాష) పేరుని అర్థాన్నిబట్టి ఇంగ్లీషు చేసుకోవడం. మెగవన్ అన్న పేరు కమ్మరి కొడుకు అన్న అర్థంలోంచి వచ్చింది కనక, అదే కుటుంబంలో ఒకరు మెగవన్‌గా, ఇంకొకరు స్మిత్‌గా దొరకొచ్చు.

ఇంటిపేరు మాత్రమే కాదు. బ్రిజెట్‌ని బిడ్డీ అన్నారు, అమెరికా వచ్చాక చాలామంది బ్రిజెట్లు డీలియా అయ్యారు. హొనోరా నోరా అవుతుంది, జొహానా హానా అవుతుంది, ఎలెన్ ఎలినార్‌గా, లాటిన్‌లో రాసిన చర్చి రిజిస్టర్లో హెలెనాగా కనబడుతుంది. జేమ్స్ లాటిన్‌లో యాకోబస్, విలియం గులియెల్మస్. వెతికే పెట్టెలో ఒక్క పేరు కొట్టి "లేదు" అని వస్తే, మీరు కొట్టిన ఆ రూపం లేదని మాత్రమే అర్థం.

వయసు విషయంలోనూ పట్టు సడలించండి. ఆ తరంలో పుట్టినరోజు ఖాయంగా తెలిసినవాళ్లు తక్కువ. అటూ ఇటూ అయిదేళ్లు వదిలి వెతకండి.

పక్కన నిలబడినవాళ్లు

ఆవిడ దొరకనప్పుడు ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లని వెతకండి. నా దృష్టిలో ఈ వెతుకులాట మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే, చాలామంది చేయని పనీ ఇదే.

జ్ఞానస్నానం రికార్డులో బిడ్డకి జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, అంటే ఆ వేళ బిడ్డ తరఫున పూచీగా నిలబడినవాళ్ల పేర్లుంటాయి. పెళ్లి రికార్డులో సాక్షుల పేర్లుంటాయి. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న అమ్మాయి తన బిడ్డని ఎవరి చేతుల్లో పెడుతుంది? అన్నకి, చెల్లెలికి, పినతండ్రి కూతురికి, ఊరివాళ్లకి. ఆరుగురు పిల్లల జ్ఞాన తల్లిదండ్రుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆవిడ పుట్టింటి పేరే ఉన్న మగవాడు అందులో రెండుసార్లు కనబడితే, అతన్ని అన్నదమ్ముడిగా అనుమానించి అతని జీవితమంతా తిరగేయండి. మీ అవ్వ సమాధి రాయి మీద ఊరు పేరు లేకపోవచ్చు, అతని రాయి మీద "ఫలానా కౌంటీ, ఫలానా పారిష్ వాస్తవ్యుడు" అని చెక్కి ఉండొచ్చు. అద్దెకున్న ఇంట్లోవాళ్లు, పక్క వాటాలోవాళ్లు, సమాధి స్థలం కొన్నవాళ్లు, అందరూ ఈ జాబితాలోకి వస్తారు.

ఊరు పేరు దొరికే చోట్లు రెండు ప్రత్యేకంగా చెబుతాను. న్యూయార్క్‌లో ఐరిష్ వలసదారుల కోసం 1850లో మొదలైన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంక్ ఒకటి. ఖాతాదారుల్లో సంతకం రానివాళ్లు ఎక్కువ. డబ్బు తీసుకోవడానికి వచ్చింది అసలు మనిషేనా అని తేల్చుకోవడానికి బ్యాంకు వాళ్ల సొంత సంగతులు అడిగి పుస్తకాల్లో రాసుకుంది: ఎక్కడ పుట్టారు, ఏ ఓడలో వచ్చారు, తల్లిదండ్రులెవరు, అన్నదమ్ములు ఎక్కడున్నారు. ఆ పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. రెండోది బోస్టన్ పైలట్ పత్రిక. 1831 నుంచి 1921 దాకా అందులో తప్పిపోయిన ఆప్తుల కోసం ప్రకటనలు వేసేవారు. చెల్లెలి కోసం అన్న, భర్త కోసం భార్య వేసిన ఆ నాలుగు వాక్యాల్లో పారిష్, కౌంటీ, బయల్దేరిన ఏడాది ఉంటాయి. అవి చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. ఒక్కో ప్రకటన వెనక చెదిరిపోయిన ఒక ఇల్లుంది.

ఆనీ మూర్ నేర్పిన పాఠం

1892 జనవరి 1న ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం తెరిచిన రోజు మొదటగా నమోదైన పేరు కార్క్ కౌంటీ నుంచి నెవాడా అనే ఓడలో ఇద్దరు తమ్ముళ్లతో వచ్చిన ఆనీ మూర్‌ది. ఆమె తర్వాత టెక్సస్ వెళ్లిందనీ, 1923లో అక్కడ వీధి రైలు ప్రమాదంలో చనిపోయిందనీ ఎన్నో ఏళ్లు నమ్మారు. ఆ టెక్సస్ ఆనీ పేరు సరిపోయింది, వయసు దగ్గరగా వచ్చింది, కథ బాగుంది. కానీ ఆమె జనాభా లెక్కల కాగితాల్లో పుట్టిన చోటు ఇల్లినాయ్ అని ఉంది. వంశ పరిశోధకురాలు మేగన్ స్మోలెన్యాక్ ఈ పొసగని ముక్క పట్టుకుని లాగితే, 2006లో అసలు ఆనీ బయటపడింది. ఆమె న్యూయార్క్ దాటి వెళ్లలేదు. జోసెఫ్ షేయర్ అనే అతన్ని పెళ్లాడి, పిల్లల్ని కని, 1924లో చనిపోయి, క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో పేరు చెక్కని సమాధిలో ఉంది. 2008లో అక్కడ రాయి పెట్టారు.

ప్రపంచమంతటికీ తెలిసిన మనిషి విషయంలోనే ఇలా జరిగింది. మీకు నచ్చిన కథని కొట్టేయగల కాగితం కోసం మీరే ముందు వెతకాలి.

ఇప్పుడు ఐర్లండ్

పుట్టింటి పేరు, తల్లిదండ్రుల పేర్లు, కనీసం కౌంటీ చేతిలో ఉంటే సముద్రం దాటండి. అక్కడ ఏం మిగిలిందో ముందు తెలుసుకోవాలి. 1922 జూన్ 30న డబ్లిన్‌లో అంతర్యుద్ధం మధ్య పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కలు దాదాపు మొత్తం ఆ మంటల్లో పోయాయి. పూర్తిగా దొరికే మొదటి జనాభా లెక్కలు 1901వి. అయితే కతోలిక పారిష్ రిజిస్టర్లు ఎక్కడి చర్చిలో అక్కడే ఉన్నందువల్ల బతికాయి. వాటి మైక్రోఫిల్మ్ ప్రతుల్ని ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. జనన మరణాలు అందరికీ నమోదు చేయడం మొదలైంది 1864లో. అక్కడి జనన ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. పెళ్లి పత్రంలో తండ్రుల పేర్లే ఉంటాయి. మరణ పత్రంలో తల్లిదండ్రుల ఊసే ఉండదు.

మీ అవ్వ 1835లో పుట్టిందనుకుందాం. ఆమె పారిష్ రిజిస్టరు 1840 నుంచే మొదలైతే ఆమె జ్ఞానస్నానం ఎప్పటికీ దొరకదు. అప్పుడు ఆమె తమ్ముళ్లు, చెల్లెళ్ల పేర్లతో, అదే తల్లిదండ్రుల జంట కోసం వెతకండి. జంటగా వెతకడంలో బలముంది: మర్ఫీలు వేలమంది, కానీ ఒక పారిష్‌లో ఫలానా మర్ఫీకీ ఫలానా రోచ్‌కీ పుట్టిన పిల్లలు ఒక్క ఇంటివాళ్లే అయ్యే అవకాశం ఎక్కువ. సరిపోయే అమ్మాయి దొరికితే, అదే అమ్మాయి ఐర్లండ్‌లోనే పెళ్లాడి ఉండిపోలేదు కదా, పసితనంలోనే పోలేదు కదా అని చూడండి. అలా జరిగినట్టు కాగితం దొరికితే ఆమె మీ అవ్వ కాదు.

పేర్ల వరస కూడా కొంత సాయం చేస్తుంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం ఐరిష్ ఇళ్లలో చాలాచోట్ల ఉన్న ఆచారం. దీన్ని సూచనగా వాడుకోండి, రుజువుగా కాదు. డీఎన్ఏ పరీక్షల సంగతి విడిగా ఒక పాఠంలో చెబుతాను.

ఈసారి అభ్యాసం

ఒక్క అవ్వని ఎంచుకోండి. ఆమె పిల్లలందరి జ్ఞానస్నానం, పెళ్లి, మరణ రికార్డులు దొరికినంతవరకు తెప్పించండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి రికార్డుకీ ఒక వరస కేటాయించి పుట్టింటి పేరు ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా ఎక్కించండి, పక్కనే ఆ పేరు చెప్పిందెవరో రాయండి. తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహతో నింపొద్దు. వేరే పేజీలో సాక్షులు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాసి, రెండోసారి కనబడినవాళ్ల కింద గీత పెట్టండి. అయిదో పాఠంలో 1847–1864 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు పుస్తకాల్లో ఊళ్లు ఎలా వెతకాలో చూస్తాం. అప్పుడు ఆ గీతలు పెట్టిన పేర్లతోనే మొదలుపెడతాం కనక, ఆ పేజీ దగ్గర పెట్టుకుని రండి.